కొప్పుకీ దేవుడికీ పనికిరాని పూలు

"ఈ నీడలో ఏం పూస్తుందే, నా మొహం! హాయిగా సిమెంటు చేయించి పారెయ్. వడియాలు పెట్టుకోడానికైనా పనికొస్తుంది" అంది మా పెద్దాడపడుచు, పెరట్లోకి ఒక్కసారి తొంగిచూసి.

ఎండ పడని చోట వడియాలెలా ఎండుతాయో ఆవిడే చెప్పాలి. కాని మా ఇంట్లో ఆవిడ మాటకి ఎదురులేదు. ఆ సాయంత్రమే మావారు మేస్త్రీకి ఫోను చేసేశారు. అక్కణ్ణించి మొదలైంది నా పోరు. ఇంట్లో నా మాట వినే నాథుడు లేడు కనక మీకు చెప్పుకుంటున్నాను. మీరూ వినకపోతే ఆ పనసచెట్టుకే చెప్పుకుంటాను.

మాది రాజమండ్రిలో పాతకాలపు ఇల్లు. పెరట్లో మా మామగారు వేసిన పనస, దానికి తోడు ఓ ముసలి మామిడి. ఆ రెంటికీ దక్షిణంగా మిగిలిన జాగాలో ఒకప్పుడు మల్లెపొదలు, గులాబీలు, సన్నజాజి పందిరి ఉండేవి. ఆ పక్కింటివాళ్ళు స్థలం అమ్ముకున్నారు. ఐదంతస్తులు లేచాయి. మొదటి ఏడు మల్లె సగం పూసింది. రెండో ఏడు ఆకులు మాత్రం మిగిలాయి. గులాబీలు ఎండకోసం మెడలు సాచి సాచి, పొడుగ్గా పాలిపోయి, చివరికి ఆయువు తీరిపోయాయి. నేనూ ఏడిచాను. అబద్ధమెందుకు, ఆ అపార్టుమెంటువాళ్ళని నాలుగు తిట్టాను కూడా.

ఇది నా ఒక్కదాని కథ కాదు. కాకినాడలో మా పిన్నిగారి వాకిలీ అంతే, భీమవరంలో మా స్నేహితురాలి పెరడూ అంతే. ఏ ఊళ్ళో చూసినా పాత ఇళ్ళమీద కొత్త మేడల నీడ పడుతోంది. నలుగురు ఆడవాళ్ళు కలిస్తే "మాకు ఎండ లేదండీ, పూలకి మొహం వాచిపోయాం" అన్న మాట రాక మానదు. అంత మొహం వాచినవాళ్ళం, నీడలో పూసేవి ఏమైనా ఉన్నాయా అని ఒక్కరమైనా వెతికామా?

వెతికానండీ, నేను వెతికాను. ముందు మనకి దగ్గరే కదా అని కడియపులంక వెళ్ళాను. కాలవ పొడుగునా నర్సరీలు, కళ్ళు చెదిరే పచ్చదనం. "నీడలో పూసే మొక్క కావాలి బాబూ" అంటే అక్కడి కుర్రాడు నవ్వి, "ఆయ్, నీడకి పూలేముంటాయండీ అమ్మగారూ! ఆకుల మొక్కలట్టుకెళ్ళండి" అన్నాడు. నేను వదలకపోయేసరికి లోపల నీడవల కిందనించి ఓ ఆంథూరియం తెచ్చాడు. ఎర్రగా, నున్నగా, లక్క పూసినట్టుంది. దాని పుట్టిల్లు అమెరికా ఖండపు అడవులు. బావుంది, నేను కాదనను. పూలని పాస్‌పోర్టు చూపించమనేంత ఛాందసం నాకు లేదు. కాని పాపికొండల అడవిని కూతవేటు దూరంలో పెట్టుకుని, నీడలో పువ్వు కావాలంటే సముద్రాలు దాటి తెచ్చుకోవలసిందేనా అని మనసు చివుక్కుమంది.

అసలు నీడలో పూలు పూయవని మనకెవరు చెప్పారు? అడవంటేనే నీడ. ఆ నీడలో తరతరాలుగా పూస్తున్నవాటికి లెక్కేలేదు. పూయక కాదు, మనం చూడక. ఎందుకు చూడమో చెబితే మీకు కోపం వస్తుంది. అయినా చెబుతాను.

పువ్వు కంటపడగానే మనం రెండే ప్రశ్నలు వేస్తాం. తల్లో పెట్టుకోవచ్చా? దేవుడికి పెట్టొచ్చా? రెంటికీ పనికిరాదంటే అది మన లెక్కలో పువ్వే కాదు, పిచ్చిమొక్క. ఈ రెండు ప్రశ్నల వరస ఎక్కడో విన్నట్టుంది కదూ? మన పెళ్ళిచూపుల్లో చాపమీద కూచోబెట్టి అడిగినవీ ఇలాంటివే. వంటొచ్చా, పాటొచ్చా. రెండూ రానిదానికి ఇంకేమైనా వచ్చేమోనని అడిగినవాళ్ళెవరు? ఆ పరీక్షకి మనమెంత మండిపడ్డామో మర్చిపోయి, పూలదగ్గర మాత్రం మనమే మగపెళ్ళివారమైపోతాం.

కనకాంబరాన్నే తీసుకోండి. వాసన లేదు, అయినా దండ కడితే మర్నాటిదాకా వాడదు. అందుకని పరీక్ష నెగ్గింది. అది మన దక్షిణాది అడవుల్లో చెట్ల కింద పెరిగే మొక్క అని, పల్చటి నీడంటే దానికి ప్రాణమని మనలో ఎంతమందికి తెలుసు? మిట్టెండలో నాటి, ఆకు పాలిపోయిందని మొరపెట్టుకుంటాం. డిసెంబరాలూ అంతే. ఊదావో తెల్లవో జడలో తురుముకోడానికి వీలుగా ఉన్నాయి కనక వాటికో పేరు, ఓ పెరడు దక్కాయి. పేరు కూడా ఏం పేరు లెండి, కేలండరులోంచి చింపి పెట్టిన పేరు! ఇక తురుముకోడానికి వీల్లేనివాటి గతి ఏమిటి?

మా పుట్టిల్లు పెద్దాపురం వైపు మెట్టలో. అక్కడ మా నాన్నగారి మామిడితోటలో, ఆషాఢమాసపు వానలకి చెట్ల మొదళ్ళలో గడ్డిలాంటిది లేస్తుంది. నా చిన్నప్పట్నించీ దాన్ని తొక్కుకుంటూనే తిరిగాను. రెండేళ్ళ కిందట, అప్పటికే నాకీ నీడపూల పిచ్చి పట్టింది, వంగి చూద్దును కదా, ఆ గడ్డి మొదట్లో, నేలని ఆనుకుని, ఆరు రేకుల పసుపుపచ్చ నక్షత్రం. నా చిటికెనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. "ఇదేమిటి?" అని తోట కాపలా తాతని అడిగితే, "నేలతాడమ్మా. తాటిమొలక మాదిరి ఉంటాది చూడు ఆకు. దుంప మందుకి తవ్వుకుపోతారు" అన్నాడు. తాతకి తెలుసు. బి.ఏ. చదివి, కథల్లో నాయిక జడనిండా పూలు తురిమి ఇన్ని నవలలు రాసిన నాకు తెలీదు. నలభై ఏళ్ళు దానిమీద నడిచాను.

అడిగి తెలుసుకున్నవాడొకడున్నాడు, అదీ మా పక్క ఊళ్ళోనే. 1781లో ఈస్టిండియా కంపెనీ విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుణ్ణి సామర్లకోటకి పంపింది. ఆయనకి రోగుల నాడికన్నా మొక్కల ఈనెలమీద మనసెక్కువ. అక్కడో తోట వేశాడు. 1793లో కలకత్తాలోని కంపెనీ తోటకి అధికారిగా వెళ్ళేదాకా ఈ సర్కారు కొండల్లో, పొలాల్లో దొరికిన మొక్కనల్లా తెప్పించి, మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, మనవాళ్ళు పిలిచే తెలుగు పేర్లు కూడా రాసిపెట్టుకున్నాడు. ఆ బొమ్మల్లో ఏరిన మూడువందలతో 1795 నించి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలు అచ్చయ్యాయి. ఆయన్ని పొగడమని కాదు నేను చెప్పేది. కంపెనీ నౌకరు. మిరియాలు, నీలిమందు, పట్టు, ఏది పండిస్తే దొరలకి లాభమో చూడటం ఆయన పని. అయినా, పనికొచ్చేదాన్ని వెతుకుతూ వెతుకుతూ పనికిరానిదాన్ని కూడా నిలబడి చూశాడు. మనం పుట్టి పెరిగిన చోట మనం చేయని పని అది.

ఆయన 1795లో అచ్చువేయించిన బొమ్మల్లో మన బదనిక ఒకటి. ముసలి మామిడికొమ్మల మీద, వేళ్ళు గాలిలోకి వేలాడేసుకుని, పట్టీల్లాంటి ఆకులతో కూచుంటుంది చూడండి, అది. పసుపూ గోధుమరంగూ కలిసిన గళ్ళ రేకులు, మధ్యలో నీలిరంగు పెదవి, మంచి వాసన. శాస్త్రంలో దాన్ని వాండా టెస్సెల్లాటా అంటారు. టెస్సెల్లాటా అంటే గళ్ళగళ్ళదని. ఆ రెండో మాట రాక్స్‌బర్గ్ పెట్టిందే.

ఇక్కడ మన తెలుగుమీద కూడా నాకో ఫిర్యాదుంది. చెట్టుమీద మొలిచినదాన్నల్లా మనం బదనిక అనేస్తాం. మామిడికొమ్మలోకి వేరు గుచ్చి రసం పీల్చే బదనిక వేరు, ఈ గళ్ళపూల బదనిక వేరు. మొదటిది చెట్టుని తింటుంది. రెండోది చెట్టుమీద కూచుంటుందంతే. దాని నీళ్ళు వానలోంచి, మంచులోంచి. దాని తిండి బెరడు పగుళ్ళలో చేరిన దుమ్మూ ధూళిలోంచి. అడిగిందల్లా కాస్త జాగా, కాస్త నీడ. దానికి కూడా "చెట్టుని పీల్చేస్తోంది" అని అపవాదు వేసి, కత్తి పెట్టి గీకేయిస్తాం. ఒకరింట్లో ఓ మూల కూచుని తన బతుకు తను బతుకుతున్న ఆడదాన్ని "బదనికలా పట్టుకుంది" అనడం నేను చెవులారా విన్నాను. ఆ మాట అన్నవాళ్ళకి రెండు బదనికల తేడా తెలీదు.

సరే, ఇంతకన్నా సిగ్గుపడే మాట ఒకటి చెప్పాలి. పోట్లాటకి దిగినవాళ్ళు తమ తప్పు దాచుకోకూడదు.

మూడేళ్ళ కిందట శ్రావణంలో మా వీధి ఆడవాళ్ళం వ్యాను కట్టించుకుని మారేడుమిల్లి వెళ్ళాం. జలపాతాలు చూశాం, బొంగు చికెన్ తినేవాళ్ళు తిన్నారు. ఘాట్ రోడ్డు పక్కన ఒకతను కొమ్మతో సహా నరికిన బదనిక మొక్కలు అమ్ముతున్నాడు. నేను వంద రూపాయలిచ్చి ఒకటి కొన్నాను. మాలో ఒకావిడ ఇంకో అడుగు ముందుకేసి, చెట్ల కింద తెల్లగా పూసిన ఓ నేల ఆర్కిడ్‌ని జడపిన్నుతో తవ్వి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుంది. వస్తున్నంతసేపూ అందరం దాన్ని చూసి మురిసిపోయాం.

నా బదనికని కొబ్బరిపీచులో చుట్టి, ప్రేమకొద్దీ రెండుపూటలా నీళ్ళు పోశాను. గాలిలో ఆరవలసిన వేళ్ళు తడిలో నానిపోయి, కార్తీకం వెళ్ళేలోపు కుళ్ళిపోయింది. ఆవిడ ఆర్కిడ్ అయితే మళ్ళీ తలెత్తనేలేదు. అదెందుకో తరవాత చదివి తెలుసుకున్నాను. ఆర్కిడ్ గింజ పొడిలా ఉంటుంది. పప్పు గింజలో ఉన్నట్టు దాన్లో తిండి దాచుకుని ఉండదు. మట్టిలో ఉండే ఓ రకం బూజు దానికి తిండి అందిస్తేనే మొలుస్తుంది. నేలమీద పెరిగే ఆర్కిడ్లు చాలావాటికి పెద్దయ్యాక కూడా ఆ బూజు సాయం కావాలి. మొక్కని తవ్వి తెచ్చుకున్నావిడ ఆ చెట్టు కింది మట్టినీ, ఆ బూజునీ, కుళ్ళిన ఆకుల పరుపునీ డబ్బాలో పెట్టి తేగలదా? కన్నతల్లి ఒళ్ళోంచి ఎత్తుకొచ్చి, పాలకి బదులు పన్నీరు పోసినట్టు అది.

"ఒక్క మొక్కకే అంత రాద్ధాంతమా?" అంటారా? వ్యానుకి ఒక్క మొక్క అనుకోండి. సెలవురోజున ఎన్ని వ్యాన్లు ఎక్కుతున్నాయో ఆ ఘాట్ రోడ్డు! అమ్మినవాణ్ణి తిట్టి లాభం లేదు. కొనేది మనం. పాపికొండలని 2008లో జాతీయ ఉద్యానం చేశారు. అలాంటి చోట అనుమతి లేకుండా మొక్క పీకడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. జింకపిల్లని సంచీలో వేసుకు రావడానికి వణికే మనం, పూలమొక్క దగ్గరికి వచ్చేసరికి "పువ్వే కదా" అంటాం. అడవికి వెళ్ళి చూసి రండి, మోకాళ్ళమీద కూచుని చూడండి, ఫొటో తీసుకోండి. చేతులు మాత్రం కొంగులో ముడేసుకోండి.

మరి పెరట్లోకి ఏం తెచ్చుకోవాలి? ఇక్కడే నాకు నోరూరుతుంది.

మొదటిది చెంగల్వ కోష్టు. కాలవ పక్క తుప్పల్లో, పాత తోటల్లో ఉంటుంది. కాడ చుట్టూ ఆకులు గుండ్రటి మేడమెట్లలా తిరుగుతూ పైకి పోతాయి. చివర ఎర్రటి పొలుసుల ముద్ద, అందులోంచి రోజుకొకటో రెండో తెల్లటి పూలు, ముడతల కాయితంతో చేసినట్టు. పొద్దున్న పూసి సాయంత్రానికి వడిలిపోతుంది. కొప్పులో పెడితే గంట ఆగదు. చెట్టున ఉంటే రెండు నెలలపాటు రోజూ ఒక పండగ. మా పుట్టింటి చేను గట్టునించి చిన్న దుంపముక్క తెచ్చి పనస కింద పెడితే, ఇవాళ నాలుగిళ్ళకి పంచాను.

రెండోది కస్తూరి పసుపు. వంటపసుపుకి అక్కచెల్లెలే. ఎండాకాలం చివర జల్లుకి, ఆకు కన్నా ముందు పువ్వు నేలని చీల్చుకుని వస్తుంది. గులాబీరంగు కుచ్చు, దాని పొరల్లో దాక్కున్న పసుపు పూలు. మొహానికి రాసుకోడానికి దుంప కొంటాం గాని, దీనికిలాంటి పువ్వొకటుందని ఎందరం చూశాం? దుకాణంలో పచ్చిదుంప దొరికితే రెండు నాటి చూడండి.

కంచెమీద నాభి పాకించండి. అగ్నిశిఖ అని కూడా అంటారు. ఆకుపచ్చగా విచ్చి, పసుపై, చివరికి నిప్పుముద్దవుతుంది. తమిళనాడువాళ్ళు దాన్ని తమ రాష్ట్ర పుష్పం చేసుకున్నారు. మొదలు నీడలో, తల వెలుగులో ఉంటే సుఖపడుతుంది. ఒక్కటే జాగ్రత్త. దుంపతో సహా ఒళ్ళంతా విషం. పాకే పిల్లలుంటే, ఆవులొచ్చే దారైతే వద్దు. మే నెలలో ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ సరేసరి, అది ఆఫ్రికా పిల్ల. ఆకుల నీడకి చక్కగా అలవాటు పడింది. మా వీధిలో ఒకరింట్లో ఉంటే పదిళ్ళకి పాకింది, మనవాళ్ళలో అత్తెసరు ఇవ్వనివాళ్ళు కూడా గడ్డలు మాత్రం పంచుతారు కనక.

చెట్టు నీడ వేరు, గోడ నీడ వేరు. ఇది నేను డబ్బు తగలేసి నేర్చుకున్నది. చెట్టు కింద వెలుగు చుక్కలు చుక్కలుగా రాలుతుంది. గోడ పక్క వెలుగు ఆకాశంలోంచి చల్లగా వస్తుంది గాని ఎదుటి గోడ వేడి కక్కుతుంది. నా కస్తూరి పసుపు చెట్టు కిందే బావుంది. కనకాంబరం మాత్రం గోడ పక్క, ఉదయం గంటో రెండో ఎండ తగిలే చోట పెట్టాక పూసింది. మన ఒండ్రుమట్టి మెత్తగానే ఉంటుంది గాని వానాకాలంలో నీళ్ళు పట్టి కూచుంటుంది. దుంపలకి ఆ చెమ్మ పడదు. ఇసక, మాగిన ఆకు కలిపి, జానెడెత్తు మడి కట్టి నాటాలి. ఇంకో సంగతి. వీటిలో దుంప జాతివి చాలామటుకు చలికాలం వచ్చేసరికి ఆకు రాల్చి మాయమైపోతాయి. చచ్చిపోయాయని కుండీ గుమ్మరించకండి. నేను ఒకటికి రెండుసార్లు గుమ్మరించాను. మృగశిర కార్తె దాకా ఓపిక పడితే అవే లేస్తాయి.

ఆకులు ఊడ్చి తగలెయ్యడం మానండి. అదే వాటి పరుపు, అదే వాటి తిండి. పెరడు అద్దంలా ఉండాలన్న మన పంతమే నీడపూలకి పెద్ద శత్రువు. పొద్దున్నే చీపురు పట్టి, మొలకతో సహా ఊడ్చి, కళ్ళాపి చల్లి, "మాకు పూలే లేవు" అనుకుంటాం.

"ఆకులుంటే పాములొస్తాయి" అంటారు మావారు. ఈ ఒక్క మాటకి నా దగ్గర కొట్టిపారేసే జవాబు లేదు. వానాకాలంలో రావచ్చు. అందుకే గుమ్మం నించి నూతిదాకా నడిచే దారి శుభ్రంగా ఉంచుతాను, ఆకులు చెట్ల మొదళ్ళకే నెడతాను, చీకటి పడ్డాక లైటు లేకుండా అటు పోను. దోమల మాటకొస్తే, అవి పెరిగేది ఆకుల్లో కాదు, కుండీల కింద పళ్ళేల్లో నిలిచిన నీళ్ళల్లో. ఆ పళ్ళేలు తీసి పారేశాను. మరి సిమెంటు మాటో? చెట్టు మొదలు చుట్టూ సిమెంటు పోస్తే వానచుక్క వేరుకి దిగదు. మా మామగారి పనస నాలుగేళ్ళకో ఐదేళ్ళకో ఎండిపోతే, అప్పుడు మా పెద్దాడపడుచే వచ్చి "అయ్యో, నాన్న చెట్టు" అని కళ్ళు తుడుచుకుంటుంది. ఈ మాట మావారితో అన్నాను. పేపరు మడతపెట్టారు గాని జవాబు చెప్పలేదు.

నిన్న సాయంత్రం మా పెద్దాడపడుచు మళ్ళీ వచ్చింది. పెరట్లో చెప్పులు విడిచి, పనస మొదట్లో ఏదో చూసి, "ఇదేమిటే, కాయితం పువ్వు అతికించావా?" అంది. చెంగల్వ కోష్టు, ఈ ఏడు మొదటి పువ్వు. నిజం పువ్వే వదినగారూ అంటే, వంగి, వేలితో ముట్టుకుని, "దేవుడికి పెట్టొచ్చా?" అని అడిగింది. పెట్టరండీ అన్నాను. "మరెందుకూ?" అంది. కాని అక్కణ్ణించి వెంటనే కదల్లేదు. కాఫీ చల్లారిపోతోందని రెండుసార్లు పిలవాల్సొచ్చింది.

మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. రావద్దని ఇందాకే కబురు పెట్టాను. మావారికి ఇంకా చెప్పలేదు.